ఆరిన తలలకే ఆశీర్వాదం

హాజరైనవారు, ఆసీనులైన క్రమంలో: అధ్యక్ష స్థానంలో మా సంఘ గురువు రెవరెండ్ నతానియేలు గారు, వారి కుడివైపున, కార్యదర్శి హోదాలో, తూనికలు కొలతల శాఖలో సహాయ కంట్రోలరుగా పదవీ విరమణ చేసిన నేను, అనగా పాలపర్తి ఫిలేమోను, ఆంగ్ల సాహిత్యంలో బి.ఏ. ఆనర్స్, ఎడమవైపున కోశాధికారి శ్రీ మట్టా జకరయ్య, ఆయన పక్కన స్త్రీల సమాజం అధ్యక్షురాలు శ్రీమతి దయామణి. ఫ్యాను గాలి తగిలే క్రమం మాత్రం వేరు. గురువుగారు వయసులో చిన్నవారు కనుక, ఫ్యాను దిశను సమావేశానికి ముందే నేను నావైపు సరిచేయించాను.

చర్చనీయాంశం ఒక్కటే. కొత్తగా వచ్చిన బిషప్పుగారు మా పరిశుద్ధ తోమా దేవాలయానికి వేంచేసి దృఢీకరణ ఆరాధన జరపబోతున్నారు. మా ఊళ్ళో దీన్ని అందరూ కన్ఫర్మేషన్ అనే అంటారు. పసితనంలో బాప్తిస్మం ఇచ్చినప్పుడు బిడ్డకు మాటలు రావు కనుక తల్లిదండ్రులూ సాక్షులూ ఆ బిడ్డ తరఫున ప్రమాణం చేస్తారు. పెద్దయ్యాక ఆ ప్రమాణాన్ని ఎవరికి వారు తమ నోటితో ఒప్పుకోవాలి. అప్పుడు బిషప్పుగారు తలమీద చెయ్యి ఉంచి, పరిశుద్ధాత్మ బలం కోసం ప్రార్థిస్తారు. ఆ తరువాతే ప్రభువు బల్ల దగ్గర మోకరించి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే అర్హత లభిస్తుంది. మా సంఘంలో పద్ధతి ఇది.

ఈ నిర్వచనంలో "తలమీద చెయ్యి" అన్న రెండు మాటలు మినహా మిగిలినదంతా మా కమిటీ త్వరలోనే మరచిపోయింది. అందుకు కారణం నేనే.

"గతసారి జరిగిన దుర్ఘటన పునరావృతం కారాదు," అన్నాను లేచి నిలబడి.

దుర్ఘటన అందరికీ తెలిసిందే. పాత బిషప్పుగారు వరసగా అభ్యర్థుల తలలమీద చెయ్యి ఉంచుకుంటూ వెళ్ళారు. మా జిల్లాలో తల్లులు పండగపూట పిల్లల తలలకు కొబ్బరినూనె కారేటట్లు రాస్తారు. చివరి తల ముగిసేసరికి వారి అరచెయ్యి నూనెలో మునిగి ఉంది. ఆ చేత్తోనే వారు తమ వెండి దండాన్ని అందుకోబోయారు. అది జారి జకరయ్యగారి బొటనవేలి మీద పడింది.

"ఇప్పటికీ చలికాలం వస్తే సలుపుద్దండీ," అంటూ జకరయ్యగారు చెప్పు విప్పి కాలు ముందుకు చాపారు.

"జకరయ్యగారూ, మేం చూశాం. ప్రతి మీటింగులోనూ చూస్తూనే ఉన్నాం," అంది దయామణిగారు, చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

దృఢీకరణకు సిద్ధపరచడమంటే మొట్టమొదట, చెయ్యి పడవలసిన స్థలాన్ని సిద్ధపరచడమేనని నేను ప్రతిపాదించాను. నా ఉద్యోగ జీవితమంతా తూకపు రాళ్ళను తనిఖీ చేసి ముద్ర వేయడంలోనే గడిచింది. మట్టి, నూనె అంటిన రాయికి మా శాఖలో ముద్ర వేయరు. బిషప్పుగారి చెయ్యి కూడా ఒక ముద్రే కదా అని నేను అనగానే, నా ఉపమానానికి నేనే ముగ్ధుడినై కాసేపు మౌనంగా ఉండిపోయాను. ఆ మౌనాన్ని కమిటీ ఆమోదంగా నమోదు చేశాను.

"మరి విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, ఆరాధనలో చెప్పవలసిన జవాబులు..." అన్నారు గురువుగారు మెల్లిగా. "శనివారం క్లాసులు ఎన్నో లేవు ఫిలేమోనుగారూ."

"అవి వచ్చే శనివారం నుంచి," అన్నాను.

అభ్యర్థుల్లో చాలామంది ఇంటర్మీడియట్ చదివే పిల్లలు. పెద్దవాళ్ళు ఇద్దరు. ఒకరు ఎక్సైజు శాఖలో పనిచేసి, చర్చి మొహం చూడకుండా సర్వీసంతా గడిపి, రిటైరైన తరువాత దేవుడు గుర్తొచ్చిన తీతుగారు. రెండోవారు మా తమ్ముడు జోనాతాను భార్య హెప్సిబా. ఆమె ఈడు పిల్లలందరూ కన్ఫర్మేషన్ పొందిన సంవత్సరం ఆమెకు ఆటలమ్మ పోసింది. తరువాత బిషప్పు వచ్చినప్పుడు పురిట్లో ఉంది. ఆ పైసారి మా అమ్మగారి జబ్బు. ఆసుపత్రిలో మంచం పక్కన ఉన్నది హెప్సిబా ఒక్కతే. ఇలా తప్పిపోతూ ఆమెకు మనవలు పుట్టారు. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ప్రతి సంస్కారపు ఆదివారం ఇంటిల్లిపాదీ లేచి బల్ల దగ్గరికి నడుస్తారు. ఆమె మాత్రం బెంచీ మీదే, చంటిపిల్లలనూ చేతిసంచులనూ కాచుకుంటూ కూర్చుంటుంది. ఈసారి ఆమె అందరికంటె ముందు పేరు ఇచ్చింది.

"ఈసారైనా నన్ను ఆ మెట్టుదాకా రానివ్వండి బావగారూ," అని నవ్వుతూ అంది నాతో. అప్పుడు నేనూ నవ్వాను.

*

మొదటి శనివారం పరీక్షా విధానాన్ని ప్రవేశపెట్టాను. అభ్యర్థి మోకరించాలి. నేను నడినెత్తిన ఒక బ్లాటింగు పేపరు ముక్క ఉంచి, దానిమీద నా సొంత రెండువందల గ్రాముల ఇత్తడి రాయి పెట్టి, ప్రభువు ప్రార్థన ఒకసారి పూర్తయ్యేదాకా ఆగి, తీసి, కిటికీ వెలుతురులో చూస్తాను. నూనె పీల్చిన కాగితంలోంచి వెలుతురు వస్తే తల అసంసిద్ధం. మా క్లాసుల్లో ప్రభువు ప్రార్థనే వినబడలేదన్న నింద తరువాత వచ్చింది కాని, అది అబద్ధం. గడియారానికి బదులుగా ప్రతి తలకూ ఒకసారి నేనే స్వయంగా చదివాను. పిల్లలను చదవనివ్వని మాట నిజం. కెజియా అనే అమ్మాయి నాతోపాటు గొంతు కలిపితే తల కదిలి రాయి కింద పడింది. ఆ రోజు నుంచి అభ్యర్థులెవరూ నోరు విప్పరాదని తీర్మానించడమైనది.

"అంకుల్, ఎగ్జామ్‌లో ఏం క్వశ్చన్స్ వస్తాయి?" అని అదే అమ్మాయి చెయ్యెత్తి అడిగింది.

"ప్రశ్నలుండవు," అన్నాను. "తల ఉంటుంది."

పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను గంభీరంగానే అన్నాను. నవ్వవలసింది ఏముందో నాకు అప్పుడు బోధపడలేదు.

ఆ రోజు ఒక్క తల కూడా నెగ్గలేదు. దాంతో తలంట్ల ఉత్తర్వు వెలువడింది. కుంకుడుకాయా, షాంపూవా అనే విషయమై కమిటీ రెండో శనివారమంతా చర్చించింది. షాంపూ పరదేశపు అలవాటని జకరయ్యగారు, కుంకుడు నురగ కళ్ళల్లో పడితే పిల్లలు ఏడుస్తారని దయామణిగారు వాదించారు. ఎవరిష్టం వారిదని వదిలేస్తే ఏకరూపత ఉండదని నేనన్నాను. చివరకు కుంకుడుకాయ నెగ్గింది. మూడో శనివారం పిల్లలందరూ ఆరిన తలలతో హాజరయ్యారు. ఫ్యాను వేయగానే ఆడపిల్లల జుట్టు పైకి లేచి నిలబడింది.

"ఇదేంటండీ బాబూ!" అంది దయామణిగారు. "బిషప్పుగారి ఉంగరంలో ఈ వెంట్రుకలు చిక్కుకుంటే ఆయన చెయ్యి తీయగలరా? పిల్ల తల ఆయనతోపాటు వెళ్తది!"

"తలమీద తలా ఒక తెల్ల జేబురుమాలు పరిచేస్తే సరి," అన్నారు జకరయ్యగారు. "నూనె అంటదు, వెంట్రుక చిక్కదు."

ఇది తీవ్రమైన వేదాంత సమస్య. చెయ్యి రుమాలు మీద పడితే దృఢీకరణ పొందేది మనిషా, రుమాలా అని నేను ప్రశ్నించాను. ఒకవేళ రుమాలే అయితే, దాన్ని తరువాత ఉతకవచ్చునా? జకరయ్యగారు కలవరపడి ప్రతిపాదన ఉపసంహరించుకున్నారు. వెనకనుంచి ఒక కుర్రవాడు, "పోనీ అందరం గుండు కొట్టించుకుందాం సార్," అన్నాడు.

"కొట్టించుకో నాయనా," అంది దయామణిగారు. "కాలేజీలో ఏ కొండకెళ్ళొచ్చావురా, ప్రసాదం ఏదిరా అంటే ఏం చెప్తావో కూడా ఇప్పుడే రాసిపెట్టుకో."

గుండు తిరస్కరించబడింది. అయితే ఆ చర్చలో నా దృష్టి తీతుగారి తలమీద పడింది. ఆ తలమీద ఒక్క వెంట్రుక లేదు. ప్రతి కొలతకూ ఒక ప్రామాణికం ఉండాలన్నది మా శాఖలో మొదటి పాఠం. మిగిలిన రాళ్ళన్నిటినీ దానితోనే పోల్చి చూస్తారు. తీతుగారి శిరస్సును ప్రామాణిక శిరస్సుగా ప్రకటించి, ఆయనను తరగతులన్నిటి నుంచీ మినహాయించాను.

"అంటే నేనేం నేర్చుకోనక్కర్లేదాండీ?" అని ఆయన ఆశగా అడిగారు.

"మీరు సహజంగానే సిద్ధపడి ఉన్నారు," అన్నాను.

మర్యాదకోసం ఆయన నెత్తిన కూడా బ్లాటింగు పేపరు పెట్టి తీశాను. కాగితంలోంచి కిటికీ, కిటికీ అవతల కొబ్బరిచెట్టు, దానిమీది కాకి కూడా స్పష్టంగా కనబడ్డాయి. చెమటో, సహజమైన జిడ్డో! కమిటీ అరగంటసేపు తర్జనభర్జనలు పడింది. నిర్వచనం ప్రకారం ప్రామాణికం తప్పు కాజాలదు కనుక కాగితమే లోపభూయిష్ఠమైనదని తీర్మానించి, కొత్త కాగితం తెప్పించాం.

"విశ్వాస ప్రమాణం ఒక్కటైనా..." అన్నారు గురువుగారు.

"వచ్చే శనివారం," అన్నాం ముగ్గురం ఒకే గొంతుతో. సంఘ విశ్వాసాన్ని అందరూ కలిసి పలకడం ఎలా ఉంటుందో పిల్లలకు ఆ విధంగా కొంత తెలిసే ఉంటుంది.

*

వారాలు గడిచేకొద్దీ తలలు ఒక్కొక్కటే నెగ్గాయి. నెగ్గిన తలకు నా సంతకంతో ఒక చీటీ ఇచ్చాను. మిగిలింది హెప్సిబా ఒక్కతే.

ఆమెది కొబ్బరినూనె కాదు, ఆముదం. పార్శ్వపునొప్పి మనిషి. పెళ్ళికి ముందునుంచీ రోజూ పొద్దున్నే నడినెత్తిన ఆముదం అద్దుకోకపోతే కళ్ళు తెరవలేదు. మొదటి పరీక్షలో ఆమె కాగితం గాజులా తయారైంది. కుంకుడుతో రుద్దుకుని వచ్చింది; కాగితం మళ్ళీ అంతే. నూనె మానేసి మళ్ళీ వచ్చింది. ఆ రోజు ఆమె మొహం పాలిపోయి ఉంది. మోకరించి లేస్తూ బెంచీ పట్టుకుంది. కాగితం అంచున పల్చటి మరక కనబడింది.

"నాలుగు రోజులుగా చీకటి గదిలో పడుకున్నానండీ బావగారూ," అంది. "పచ్చిమంచినీళ్ళు కూడా ఇమడ్డం లేదు. ఇదిగో, ఇవాళ మీకోసమే లేచొచ్చాను. ఇంకా ఉందంటారేంటండీ?"

"ఉంది," అని కాగితం చూపించాను. "నిబంధనకు బంధుత్వం లేదమ్మా. నీకు సడలిస్తే, కార్యదర్శి తమ్ముడి భార్య కాబట్టి సడలించారని సంఘం అంటుంది."

"నా తల్లో ఆముదం ఉందని ప్రభువుకు తెలీదంటారా?"

"ప్రభువుకు తెలుసు. బిషప్పుగారి చేతికి తెలియకూడదు."

ఇది చాలా చక్కటి జవాబని ఆ క్షణంలో నేను అనుకున్నాను. దయామణిగారు మాత్రం తల పక్కకు తిప్పుకుంది. హెప్సిబా కొంగుతో నుదురు తుడుచుకుంది.

"పేరు కొట్టేస్తారా?"

"వచ్చేసారికి పదిలంగా ఉంచుతాను."

"వచ్చేసారికి నేను పదిలంగా ఉండాలి కదండీ," అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి నా భార్య వినోదినికి సంగతి తెలిసిపోయింది. అన్నం పెట్టింది కాని కూర వడ్డించడం మరచిపోయినట్లు నటించింది.

"కూర?" అన్నాను.

"అందులో నూనె ఉందండీ," అంది. "సర్వీసులో ఉన్నన్నాళ్ళూ మిమ్మల్ని చూసి కిరాణా కొట్లవాళ్ళు తక్కెళ్ళు దాచుకున్నారు. ఇప్పుడు ఆడవాళ్ళు తలలు దాచుకుంటున్నారు. అత్తయ్యగారి మంచం దగ్గర ఆ పిల్ల ఉన్నప్పుడు దాని తలకు ఏం రాసుకుందో అడిగారా మీరు?"

నిబంధనలు చేసేవాడు భోజనం దగ్గర చర్చ పెట్టుకోరాదన్నది నా చిరకాల నియమం. వట్టి అన్నం మజ్జిగతో తిన్నాను. ఆ మజ్జిగ కూడా పల్చగానే ఉంది.

చివరి శనివారం కూడా పాఠానికి సమయం దొరకలేదు. ఊరేగింపు రిహార్సలు పెట్టవలసి వచ్చింది. తల నిటారుగా ఉంచడం, కదపకపోవడం, పెదవులు బిగించి ఉంచడం: వీటిలో మా అభ్యర్థులు అసామాన్యమైన ప్రావీణ్యం సాధించారని నేను సగర్వంగా చెప్పగలను. గురువుగారు తన ఆరాధన పుస్తకం తెరిచి, మూసి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

*

ఆ ఆదివారం దేవాలయం నిండిపోయింది. తెల్ల బట్టల్లో అభ్యర్థులు ముందు వరసలో ఎండిన కొబ్బరిపీచులా లేచిన జుట్టుతో నిలబడ్డారు. వారి చివర తీతుగారు, ప్రామాణికంగా. నేను బలిపీఠం మెట్టు పక్కన, ఇస్త్రీ చేసిన తెల్ల తువాలు చేతిమీద వేసుకుని, ఏ చిన్న మరక కనిపించినా ముందుకు రావడానికి సిద్ధంగా ఉన్నాను. హెప్సిబా వెనక బెంచీలో ఉంది. ఆ పొద్దున ఆమె ఆముదం అద్దుకుని వచ్చిందని అంత దూరం నుంచి కూడా తెలుస్తోంది. మొహంలోకి రంగు తిరిగి వచ్చింది.

బిషప్పుగారు లోపలికి వచ్చి తమ టోపీ తీశారు. వారి జుట్టు నూనెతో నిగనిగలాడుతూ, పాపిట తీసి, ఒక్క వెంట్రుక చెదరకుండా అంటుకుని ఉంది. అధికారుల తలలకు మా నిబంధనలు వర్తిస్తాయో లేదో మేము చర్చించలేదని అప్పుడు గుర్తొచ్చింది.

కీర్తన అయింది. ప్రార్థన అయింది. వారు అభ్యర్థులవైపు తిరిగి, ఆరాధన క్రమంలోని ప్రశ్న అడిగారు.

"మీ బాప్తిస్మంలో మీ తరఫున ఇతరులు చేసిన ప్రమాణాన్ని ఇప్పుడు మీరే మీ నోటితో ఒప్పుకొంటున్నారా?"

ఎవరూ పలకలేదు. ఇరవైమంది నిటారుగా, తల కదపకుండా, పెదవులు బిగించి నిలబడ్డారు. నేర్పిందే చేశారు. బిషప్పుగారు కాసేపు ఆగి ప్రశ్నను మళ్ళీ చదివారు. కెజియా కళ్ళు మాత్రం నావైపు తిరిగాయి. తీతుగారి నెత్తిన చెమట చుక్కలు కట్టింది. గురువుగారు నేల చూస్తున్నారు. ఆ జవాబు ఆరాధన పుస్తకంలో ఒకే ఒక్క మాట. దాన్ని నేర్పడానికి ఇన్ని శనివారాలు దొరికాయి. నేను తువాలును ఒక చేతి మీదినుంచి మరో చేతిమీదికి మార్చుకున్నాను.

"ఒప్పుకొంటున్నానండీ."

గొంతు వెనకనుంచి వచ్చింది. దేవాలయమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. హెప్సిబా లేచి నిలబడి ఉంది. ఒళ్ళో చంటిపిల్ల ఉండడంతో దాన్ని భుజాన వేసుకుని నిలబడింది.

"ఎవరమ్మా అది?" అన్నారు బిషప్పుగారు. "అభ్యర్థివేనా? మరి అంత వెనకెందుకున్నావు?"

"నా పేరు కొట్టేశారండీ అయ్యగారూ. అయినా మీరడిగితే ఊరుకోలేకపోయానండీ."

"ఎవరు కొట్టేశారు?"

"మా బావగారేనండీ. తల ఆరలేదని."

నవ్వు ముందు పిల్లల్లో మొదలై, స్త్రీలవైపు పాకి, జకరయ్యగారి దగ్గరికి చేరేసరికి దగ్గుగా మారింది. బిషప్పుగారు నావైపు చూశారు. నా తువాలువైపు చూశారు. నేను నలభై మాటల్లో పరిస్థితిని వివరించడానికి నోరు తెరిచాను. వారు చెయ్యెత్తి నన్ను ఆపారు.

"నాకూ మా ఆవిడ రోజూ రాస్తుందండీ," అన్నారు తమ తల తాకి చూపిస్తూ. "ఇలా రా అమ్మా. జవాబు నువ్వే ముందు చెప్పావు. ముందు నువ్వే మోకరించు."

పిల్లను వినోదిని అందుకుంది. హెప్సిబా నడుచుకుంటూ వచ్చి మెట్టు దగ్గర మోకరించింది. బిషప్పుగారు ఆమె నడినెత్తిన నిండుగా అరచెయ్యి ఆనించి, తొందరపడకుండా ప్రార్థించారు. ఆముదం వాసన బలిపీఠం దాకా వచ్చింది. వారు చెయ్యి ఎత్తేసరికి అది తళతళలాడుతోంది. ఏళ్ళ తరబడి నేను ఎదురుచూసిన క్షణం. తువాలు విప్పి ముందుకు అడుగు వేశాను.

"ఉంచండి," అన్నారు వారు నెమ్మదిగా. "తుడవకండి. ఇది మిగతా తలలకు కూడా కాస్త అందనివ్వండి."

తరువాత వారు ఆ ప్రశ్నను మూడోసారి అడిగారు. ఈసారి కెజియా పలికింది. ఆమె వెంట ఒక కుర్రవాడు, ఆపైన వరసంతా. తీతుగారు అందరికంటె ఆలస్యంగా, అందరికంటె గట్టిగా, గొంతు వణుకుతూ పలికారు. ఎక్సైజు దాడులలో కూడా ఆయన గొంతు అలా వణికి ఉండదు. అప్పుడు మెట్టు పక్కన నిలబడి ఉన్న నేను కూడా ఆ మాట అన్నాను. కార్యదర్శిని ఎవరూ అడగలేదు. నా దృఢీకరణ నా యౌవనంలోనే పూర్తయింది. ఎందుకన్నానో కార్యదర్శిగా వివరించలేను.

ఆముదం అంటిన ఆ చెయ్యి మా ధ్రువీకృతమైన ఆరిన తలలన్నిటి మీదా, చీటీ చీటీకీ, వరసగా పడింది. బిషప్పుగారు వెళ్ళేటప్పుడు దండాన్ని ఎడమచేత్తో పట్టుకున్నారు. జకరయ్యగారు అయినా కాళ్ళు బెంచీ కిందికి లాక్కున్నారు.

*

తదుపరి కమిటీ సమావేశంలో, మునుపు కూర్చున్న క్రమంలోనే కూర్చుని, ఫ్యాను గురువుగారివైపు తిప్పి, ఈ క్రింది తీర్మానాన్ని నేను ప్రతిపాదించగా శ్రీమతి దయామణి బలపరచగా, ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

పరిశుద్ధ తోమా దేవాలయ సంఘం ఇందుమూలంగా కృతజ్ఞతతో నమోదు చేయునదేమనగా: శ్రీమతి పాలపర్తి హెప్సిబా గారు, తమ పేరు కొట్టివేయబడి ఉండగా, తమను ఎవరూ పిలవకుండగా, బిషప్పుగారు వేసిన ప్రశ్న తమనే అడిగినట్లు ఎంచి, సంఘమంతటిలో మొట్టమొదటగా, చివరి బెంచీ నుంచి బలిపీఠం దాకా వినబడేటట్లు జవాబు చెప్పారు. తక్కిన వారందరూ, కార్యదర్శితో సహా, ఆమె తరువాతే చెప్పారు.